ఐడిల్‌లో కారు వణికితే ఎయిర్‌ఫ్లో సెన్సార్ కడిగేయడమేనా? అపోహలు - వాస్తవాలు

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. ఆర్పీఎం ముల్లు 600కీ 900కీ మధ్య ఊగుతుంది. ఏసీ వేస్తే బండి ఆగిపోయేలా ఉంటుంది. వెంటనే ఎవరో ఒకరు చెబుతారు: "ఎయిర్‌ఫ్లో సెన్సార్ కడిగించు, సెట్ అయిపోతుంది." ఇంజిన్ పీల్చే గాలిని కొలిచే సెన్సార్ అది. కడుగుతారు. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్లీ మొదలు. ఈసారి సెన్సారే పోయిందని కొత్తది వేస్తారు. అయినా వణుకు పోదు. అప్పుడు బండి షెడ్డుకు వస్తుంది. డబ్బు పోయాక, కంగారు పెరిగాక వచ్చే ఇలాంటి బండ్లు చాలానే ఉంటాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఐడిల్ బాగా లేదంటే ఎయిర్‌ఫ్లో సెన్సార్‌కు మురికి పట్టినట్టే

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది ఈ నమ్మకమే. సెన్సార్‌కు మురికి పడితే దెబ్బ ముందుగా తెలిసేది లోడ్ మీద, అంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, ఓవర్‌టేక్ చేసేటప్పుడో. ఐడిల్‌లో మాత్రమే ఇబ్బంది ఉండి, రోడ్డెక్కాక బండి చక్కగా లాగుతుంటే సెన్సార్‌ను కాదు, సెన్సార్ దాటాక లోపలికి దూరుతున్న దొంగగాలిని అనుమానించాలి.

ఎందుకో లెక్క చూడండి. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, 750 ఆర్పీఎం దగ్గర సెకనుకు సుమారు 2 గ్రాముల గాలి పీలుస్తుంది. ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గరో, చిట్లిన వ్యాక్యూమ్ పైపు దగ్గరో అందులో 0.4 గ్రాము దొడ్డిదారిన వస్తోందనుకోండి. సెన్సార్ లెక్కలో పడేది 1.6 గ్రాములే. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ 1.6కే పెట్రోల్ కొడుతుంది. మిశ్రమం పలచబడుతుంది, మిస్సింగ్ మొదలవుతుంది. దాన్ని సరిచేయాలంటే ఈసీఎం 25 శాతం పెట్రోల్ అదనంగా ఇవ్వాలి. అదే ఇంజిన్‌ను 2500 ఆర్పీఎంకు తీసుకెళితే పీల్చే గాలి సెకనుకు 8 గ్రాముల దాకా పెరుగుతుంది. లీకు మాత్రం ఆ 0.4 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు తేడా 5 శాతమే. అందుకే ఐడిల్‌లో వణికిన బండి హైవే మీద ఏమీ ఎరగనట్టు పోతుంది.

మురికిపట్టిన సెన్సార్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. లోపలి వేడి తీగను (కొన్నిటిలో సన్నని ఫిల్మ్ ఉంటుంది) గాలి చల్లారుస్తుంటే, దాని వేడి తగ్గకుండా నిలబెట్టడానికి ఎంత కరెంటు కావాలో దాన్నిబట్టే గాలి బరువు లెక్క తేలుతుంది. తీగ మీద దుమ్ము, నూనె పొర పేరుకుంటే అది దుప్పటి కప్పినట్టే. గాలి వేడిని సరిగా లాగలేదు. ఎక్కువ గాలి పోతున్నప్పుడు సెన్సార్ తక్కువ చెబుతుంది. పికప్ పడిపోతుంది. లోడ్ తక్కువనుకుని ఈసీఎం ఇగ్నిషన్ టైమింగ్‌ను ముందుకు జరపడంతో ఒక్కోసారి నాకింగ్ కూడా వినిపిస్తుంది. ఐడిల్‌లో మాత్రం రీడింగ్ సరిగానే ఉండవచ్చు, కొన్నిసార్లు కాస్త ఎక్కువే చూపించవచ్చు.

కాబట్టి స్క్రూ డ్రైవర్ కంటే ముందు స్కానర్ పెట్టండి. 2013 ఏప్రిల్ నుంచి మన దగ్గర అమ్మిన కార్లలో స్కానర్ పెట్టే ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. ఫోన్‌కు కలిసే ఈఎల్ఎం327 ప్లగ్ సరిపోతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీఎం పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలు) రెండూ కలిపి చూడండి. ముందు ఐడిల్‌లో, తర్వాత 2500 దగ్గర అర నిమిషం నిలబెట్టి, ఆపై పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కుతూ.

ఐడిల్‌లో +20, 2500 దగ్గర +4 వస్తే అది గాలి లీకు. సెన్సార్ జోలికి పోవద్దు. ఐడిల్‌లో సున్నా చుట్టుపక్కలో, మైనస్‌లోనో ఉండి, లోడ్ పెరిగేకొద్దీ +12, +18 అని ఎక్కుతుంటే సెన్సార్ కడగడానికి కారణం ఉంది. పెట్రోల్ పంపు బలహీనపడినా, ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయినా లోడ్‌లో ఇదే ఆకారం వస్తుంది కాబట్టి ప్రెజర్ కూడా చూసుకోవాలి. అన్ని చోట్లా ±10 లోపల ఉండి బండి వణుకుతుంటే గాలి, పెట్రోల్ లెక్క బాగానే ఉన్నట్టు. అప్పుడు ప్లగ్గులు, కాయిల్స్, ఇంజిన్ మౌంటింగులు చూడాలి. మౌంటింగ్ పోయిన బండిలో ముల్లు కదలదు, సీటు మాత్రం కదులుతుంది. దాన్ని ఐడిల్ సమస్య అనుకుని సెన్సార్ మార్పించుకున్నవారిని చూస్తే జాలేస్తుంది.

లీకు ఎక్కడ వెతకాలి? మొదట సెన్సార్‌కూ థ్రాటిల్ బాడీకీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే ప్లేటు ఉండే భాగం) మధ్య ఉన్న మడతల రబ్బరు పైపు. మామూలుగా చూస్తే బాగానే ఉంటుంది, చేత్తో సాగదీస్తే మడతల్లో చీలిక బయటపడుతుంది. దాని క్లాంపులు కూడా చూడండి. ఎయిర్ ఫిల్టర్ మార్చినవాళ్లు బిగించకుండా వదిలేయడం మామూలే. తర్వాత పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది), బ్రేక్ బూస్టర్ పైపు, ఆయిల్ మూత సీలు, డిప్‌స్టిక్ ఓ-రింగు. చివరగా పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్: ఇంజిన్‌కు వెళ్లే దాని పైపును మడిచి పట్టుకుంటే ఐడిల్ కుదురుకుందా, వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. పైపుల్లోకి పొగ పంపి లీకు చూపే స్మోక్ మెషిన్ ఉన్న షెడ్డులో ఈ పనంతా పావుగంటలో తేలుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు పట్టే పాత అలవాటు మానండి. వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు లేస్తాయి.

మరి కడిగాక రెండు రోజులు ఎందుకు బాగుంది? కడిగేటప్పుడు బ్యాటరీ టెర్మినల్ తీశారు గనక. దాంతో ఈసీఎం నేర్చుకున్న ట్రిమ్‌లు చెరిగి సున్నాకు వచ్చాయి. పైగా పైపు విప్పి మళ్లీ గట్టిగా బిగించారు, పనిలో పనిగా థ్రాటిల్ బాడీలో కార్బన్ తుడిచారు. ఐడిల్ గాలి పోయేది థ్రాటిల్ ప్లేటు అంచున ఉన్న సన్నని సందులోంచే. అక్కడ నల్లటి పొర పేరుకుంటే ఐడిల్ పడిపోవడం సహజం. పని చేసింది ఇవన్నీ, పేరు మాత్రం సెన్సార్‌కు.

అపోహ: ఏ స్ప్రే అయినా ఒకటే, కార్బ్ క్లీనర్‌తో కడిగేయొచ్చు

వాస్తవం: బాగున్న సెన్సార్ చచ్చేది ఎక్కువగా ఇక్కడే. కార్బ్ క్లీనర్‌లో అసిటోన్, టాల్యూన్ లాంటి ఘాటు ద్రావకాలు ఉంటాయి. కార్బన్‌ను కరిగించడానికి చేసిన సరుకు అది. సెన్సార్ ప్లాస్టిక్‌నూ, తీగను పట్టి ఉంచే పూతనూ వదలదు. బ్రేక్ క్లీనర్‌దీ అదే దారి. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా జిడ్డు మిగులుస్తుంది, ఆ జిడ్డు మీద దుమ్ము ఇంకా తొందరగా అంటుతుంది. పెట్రోల్ వద్దు. ఇయర్‌బడ్, బ్రష్షు, గుడ్డ, ఎయిర్ గన్ ఏవీ వద్దు. ఆ తీగ వెంట్రుకంత సన్నం. కావలసింది "మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ క్లీనర్" అని రాసి ఉన్న డబ్బా ఒక్కటే. సీఆర్‌సీ, లిక్వి మోలీ లాంటివాళ్లు చేస్తారు. కొత్త సెన్సార్ ధర ముందు దాని ధర లెక్కలోకే రాదు.

పద్ధతి ఇది. ముందుగా ట్రిమ్ రీడింగులు కాగితం మీద రాసుకోండి. లేకపోతే కడిగాక బాగుపడిందో లేదో తెలిసేది ఎలా? ఇంజిన్ చల్లారాలి, తాళం తీసి ఉండాలి. సెన్సార్ చుట్టూ ఉన్న దుమ్మును విప్పకముందే తుడవండి, విప్పాక తుడిస్తే అది లోపల పడుతుంది. కప్లర్ లాక్ నొక్కి కప్లర్‌ను పట్టుకుని తీయాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. కరోలా లాంటి టయోటా పెట్రోల్ బండ్లలో రెండు మామూలు ప్లస్ స్క్రూలుంటాయి. బాష్ సెన్సార్లలో చాలావాటికి మధ్యలో రంధ్రమున్న స్టార్ బిట్టు, టీ-20 సైజు కావాలి. అది లేక కటింగ్ ప్లయర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది.

సెన్సార్‌ను నిటారుగా పైకి లాగి, పట్టుకునే వైపు పైన, తీగ ఉన్న వైపు కిందకు ఉండేలా పట్టుకోండి. జానెడు దూరం నుంచి చిన్న చిన్న తడవలుగా పది పదిహేను సార్లు కొట్టండి. మురికి కారిపోవాలి, రుద్దడం లేదు. ఫిల్మ్ రకంలో అసలు భాగం సన్నని గాలిదారి లోపల దాక్కుని ఉంటుంది. స్ప్రే గొట్టాన్ని ఆ రంధ్రానికి ఎదురుగా పెట్టి కొట్టాలి, లోపలికి దూర్చకూడదు. పక్కన పూసలా కనిపించేది గాలి వేడిని కొలిచే సెన్సార్, దానికీ ఒకటి రెండు తడవలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోనే బిగించిన జాలీ ఉంటే దాన్ని పీకొద్దు. గాలి దాని గుండా వరుసగా వస్తేనే రీడింగ్ నిలకడగా ఉంటుంది.

తర్వాత అరగంట ఊరికే వదిలేయండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది, హెయిర్ డ్రయర్ వేడి మంచిది కాదు. తడి ఆరకుండా తాళం తిప్పితే ఇంకా ప్రమాదం, ఆ ద్రావకం మండేది, తీగ వేడెక్కేది. ఓ-రింగు నలగకుండా, బాణం గుర్తు ఇంజిన్ వైపుకు ఉండేలా బిగించండి. స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లోకి కాబట్టి చేతి బిగువు చాలు. స్కానర్‌తో పాత ట్రిమ్‌లు చెరిపి, ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. లోడ్‌లో +16 ఉన్నది +5కు దిగితే పని జరిగినట్టు. కదలకపోతే రోగం వేరే చోట ఉంది, రెండోసారి కడగడం దండగ.

అపోహ: ప్రతి కారులోనూ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉంటుంది

వాస్తవం: ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి మన చిన్న పెట్రోల్ బండ్లలో అది లేదు. మ్యానిఫోల్డు ప్రెజర్ చూసే మ్యాప్ సెన్సార్‌తోనే ఈసీఎం గాలిని లెక్క కడుతుంది. ఫోన్ యాప్‌లో "మాఫ్" (ఎయిర్‌ఫ్లో సెన్సార్ రీడింగ్) అని అంకె కనిపించిందని మోసపోకండి, కొన్ని యాప్‌లు మ్యాప్ రీడింగ్ నుంచి తామే లెక్కేసి చూపిస్తాయి. ఫిల్టర్ డబ్బా దాటాక పైపు మీద కప్లర్ ఉందో లేదో కంటితో చూసుకోండి. మ్యాప్ బండిలో గాలి లీకైతే ట్రిమ్ కంటే ముందు ఐడిల్ పెరగడం కనిపిస్తుంది, ఎందుకంటే దొంగగాలి కూడా ప్రెజర్‌లో లెక్కకు వస్తుంది.

అపోహ: కప్లర్ పీకితే బండి బాగా నడిచింది, అంటే సెన్సార్ పోయినట్టే

వాస్తవం: ఇది సూచన మాత్రమే. కప్లర్ తీస్తే ఈసీఎం తన దగ్గరున్న అంచనా విలువలతో నడుపుతుంది. ఆ అంచనా కాస్త ఎక్కువ పెట్రోల్ ఇచ్చేదైతే లీకున్న బండి కూడా బాగుపడినట్టే అనిపిస్తుంది. సెన్సార్ సిగ్నల్ మరీ తక్కువని చెప్పే పి0102 లోపం కోడు, డ్యాష్‌బోర్డులో లైటు అదనం.

అపోహ: డీజిల్ బండి వణుకుతున్నా ఇదే మందు

వాస్తవం: పెట్రోల్ బండిలోలా కాక, 1.3 లీటర్ల మల్టీజెట్ లాంటి డీజిల్ ఇంజిన్లలో ఈ సెన్సార్ పని ముఖ్యంగా ఈజీఆర్‌ను (ఎగ్జాస్ట్ వాయువులో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నడపడం, పొగ రాకుండా డీజిల్‌కు పైహద్దు పెట్టడం. మురికి పడితే లాగుడు తగ్గుతుంది. ఐడిల్ వణుకుకు ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ టెస్టు (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను సీసాలో పట్టి పోల్చడం) చేయించండి. నాలుగు సీసాల్లో ఏది ముందు నిండుతుందో అక్కడే సంగతి ఉంటుంది.

అపోహ: ప్రతి సర్వీసుకూ కడిగితే మంచిది

వాస్తవం: అవసరం లేదు. విప్పిన ప్రతిసారీ కప్లర్ లాకు, ఓ-రింగు అరుగుతాయి. అసలు జాగ్రత్త ఎయిర్ ఫిల్టర్ దగ్గర. డబ్బాలో సరిగా కూర్చోని ఫిల్టర్, ఎయిర్ గన్‌తో ఊది ఊది చిల్లులు పడ్డ ఫిల్టర్, కడిగి నూనె మరీ ఎక్కువ పట్టించిన కాటన్ ఫిల్టర్, ఎక్కువగా ఈ మూడే సెన్సార్‌కు మురికి పట్టిస్తాయి. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టర్ ఊదడం మాని, మాన్యువల్‌లో చెప్పినదానికంటే ముందే మార్చండి.

అపోహ: బయట చవకగా దొరికే కొత్త సెన్సార్ వేస్తే గొడవ వదిలిపోతుంది

వాస్తవం: పైకి ఒకేలా ఉండి, కప్లర్ కూడా సరిపోయి, లోపలి క్యాలిబ్రేషన్ వేరుగా ఉండే డూప్లికేట్లు చాలా ఉన్నాయి. తాళం తిప్పి ఇంజిన్ వేయకుండా చూస్తే గాలి రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. ఇంజిన్ వేశాక పైన చెప్పిన ట్రిమ్‌లు ±10 లోపలికి రావాలి. రాకపోతే పార్ట్ నంబరు సరిపోయిందని ఎవరు ఎంత చెప్పినా తిరిగి ఇచ్చేయండి. అది తేలేదాకా పాత సెన్సార్‌ను షెడ్డులో వదిలి రాకండి, డిక్కీలో పెట్టుకోండి. చాలాసార్లు మళ్లీ బిగించాల్సింది దాన్నే.