జన్యువును మోసే పాలిమర్: తెగని చిక్కు వెనుక కథ

సికిల్ సెల్ రక్తహీనతతో బాధపడేవారు పాడేరు, అరకు మన్యం నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వైద్యం కోసం వస్తుంటారు. ఈ వ్యాధికి జన్యు సవరణ చికిత్సను బ్రిటన్, అమెరికా 2023 చివర్లో ఆమోదించాయి. అయితే అందులో రోగి మూలకణాలను బయటికి తీసి, విద్యుత్తుతో వాటి పొరను తెరిచి సవరణ సామగ్రిని చొప్పించి, కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేశాక తిరిగి ఎక్కించాలి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అదే సామగ్రిని మామూలు ఇంజెక్షన్‌గా ఇవ్వాలంటే దాన్ని కణాల్లోకి మోసుకెళ్లే నమ్మదగిన వాహకం కావాలి.

వైరస్‌లు ఆ పని సమర్థంగా చేస్తాయి. కానీ 1999 సెప్టెంబరులో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ జన్యు చికిత్స పరీక్షలో అడినోవైరస్ వాహకం రేపిన రోగనిరోధక ప్రతిచర్యకు 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ బలికావడంతో ఇతర మార్గాల అవసరం స్పష్టమైంది.

పాలిమర్ల, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల, అన్వేషణ అంతకు ముందే మొదలైంది. డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది కనుక ధనావేశం గల పాలిమర్ దాన్ని నానోకణంగా కుదిస్తుంది. 1980ల నాటి పాలీలైసిన్ అనే పాలిమర్ తన సరుకైన డీఎన్‌ఏను కణంలోకి చేర్చినా, అది చాలావరకు ఎండోసోమ్ అనే సంచిలోనే చిక్కుకుని నాశనమయ్యేది. 1995లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో శాస్త్రవేత్త బెహ్ర్ బృందం పాలీఇథిలీనిమైన్‌ను ముందుకు తెచ్చింది. ఎండోసోమ్ ఆమ్లీకృతమయ్యేకొద్దీ ఈ పాలిమర్ ప్రోటాన్లను పీల్చుకుంటుందని, దాంతో క్లోరైడ్, నీరు లోనికి చేరి సంచి ఉబ్బి పగులుతుందని వారి ప్రతిపాదన. దానిపై వాదన నేటికీ సాగుతోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డీఎన్‌ఏను పట్టే ధనావేశమే కణపొరను గాయపరుస్తుంది, రక్తంలోని ప్రోటీన్లను అంటించుకుని గుంపుకడుతుంది, ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అణుభారం పెంచితే సామర్థ్యంతోపాటు విషప్రభావమూ పెరుగుతుంది. పైగా పాలీఇథిలీనిమైన్ శరీరంలో విచ్ఛిన్నం కాదు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత వేస్తే రక్తంలో నిలకడ వస్తుంది కానీ కణంలోకి ప్రవేశం తగ్గుతుంది. 2000లో శాస్త్రవేత్తలు లిన్, లాంగర్ రూపొందించిన పాలీ బీటా-అమైనో ఎస్టర్లు నీటి చర్యతో చిన్న ముక్కలై సరుకును వదిలేస్తాయి. నా దృష్టిలో ఈ చరిత్రలోని అతి ముఖ్యమైన మలుపు ఇదే, ఎందుకంటే పని ముగిశాక వాహకం మిగలకూడదన్న నియమాన్ని ఇది అణువు నిర్మాణంలోనే ఇమిడ్చింది.

2018లో అమెరికాలో ఆమోదం పొందిన పటిసిరాన్ మందుతో లిపిడ్ (కొవ్వు అణువుల) వాహకాలు ముందంజ వేశాయి. అయితే అవి ప్రధానంగా కాలేయానికే చేరతాయి. సికిల్ సెల్‌కు కావలసింది ఎముక మజ్జ. రసాయనికంగా ఎన్నో విధాల మార్చగల పాలిమర్లకు అక్కడ ఇంకా చోటుంది. కనుక కొత్త పాలిమర్‌ను అంచనా వేసేటప్పుడు, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఎన్నింటిలోకి జన్యువు చేరిందన్నదే కాక, రక్తంలో అది ఎలా నిలిచింది, మజ్జకు ఎంత చేరింది, పదేపదే మోతాదు ఇచ్చినప్పుడు కాలేయం, ఊపిరితిత్తులు ఎలా తట్టుకున్నాయి అన్న లెక్కలూ అడగాలి.