తాతగారి ఊరు ఏ జిల్లా?

చీరాల ఉన్నచోటే ఉంది. 1904 సెప్టెంబరులో అక్కడ పుట్టిన బిడ్డది కృష్ణా జిల్లా, అక్టోబరులో పుట్టిన బిడ్డది గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న అది ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. ఇల్లు మారకుండానే ఒకే కుటుంబం ఐదు జిల్లా పేర్ల కింద కాగితాలకెక్కింది. వంశవృక్షం గీద్దామని బయల్దేరినవాళ్లు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఇవాళ్టి జిల్లా పేరు పట్టుకుని పాత కాగితం వెతుకుతారు, అది దొరకదు.

మిగతా చోట్లా ఇదే వరస. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం 1970 దాకా కర్నూలుది, మదనపల్లె 1911 దాకా కడపది. భద్రాచలం తాలూకాను 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి.

అందుకే జిల్లా కంటే ఊరినీ తాలూకానూ గట్టిగా పట్టుకోవాలి. 1985లో మండలాలొచ్చేదాకా రెవెన్యూ లెక్కలన్నీ తాలూకా వారీగానే నడిచాయి. ఊరు ఏ తాలూకాలో ఉండేదో 1961 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్‌లో చూసుకోవచ్చు. పల్లెల్లో జనన మరణాలు రాసింది గ్రామ మున్సబు, అంటే అప్పటి గ్రామాధికారి. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. ఆ పాత రిజిస్టర్ల కోసం కొత్త మండలం ఆఫీసు కంటే ముందు, ఒకప్పటి తాలూకా కేంద్రంలోని తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

కుటుంబానికి ఇనాం భూమి (పన్ను లేకుండానో, తక్కువ పన్నుకో పాలకులు ఇచ్చిన మాన్యం) ఉండి ఉంటే మాత్రం అదృష్టమే. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ విచారణ జరిపి రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడికి అతను ఏమవుతాడు అన్నది వరసగా ఉంటాయి. ఒక్క పేజీలో మూడు తరాలు దొరకవచ్చు. చీరాల వైపు ఊళ్లకు ఆ పేజీ మీద ఉండేది కృష్ణా జిల్లా పేరు, అదీ ఆనాటి ఇంగ్లీషు వాడుకలో 'కిస్ట్నా' అని. ఈ వర్ణక్రమం తెలియకే కేటలాగుల్లో వెతుకులాట ఆగిపోతుంది.

తేదీల్లోనూ ఒక చిక్కుంది. రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే వచ్చే ఏడాది జూలై 1న అది మొదలవుతుంది. ఫసలీ 1314 అంటే 1904 జూలై నుంచి 1905 జూన్ దాకా. గుంటూరు జిల్లా పుట్టింది 1904 అక్టోబరు 1న, అంటే ఆ ఫసలీ నడుమ. కాబట్టి 1314 లెక్కలను రెండు జిల్లాల పేర్ల మీదా వెతకాలి.

రిజిస్ట్రేషన్ దస్తావేజుల సంగతి వేరు. ఒక్కో వాల్యూములో ఎన్నో ఊళ్ల దస్తావేజులు కలిసే ఉంటాయి. ఊరు కొత్త సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి పోయినా, ఆ వాల్యూమును విడదీసి పంపలేరు. కాబట్టి విభజనకు ముందు నాటి దస్తావేజుకు పాత ఆఫీసుకే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి చేత్తో వెతికించుకోవాల్సిందే. అప్పుడు ఇండెక్స్ 1 (పేర్లు), ఇండెక్స్ 2 (ఆస్తి) రెండూ చూపించమనండి. ఒకదానిలో ఇంటిపేరు తప్పుగా పడినా, రెండోదానిలో సర్వే నంబరు పట్టిస్తుంది. సర్వే నంబర్లు కూడా రీసెటిల్మెంటులో, అంటే భూమి శిస్తును మళ్లీ నిర్ణయించినప్పుడు, మారి ఉండవచ్చు. పాత నంబరుకు కొత్త నంబరేదో ఆర్ఎస్ఆర్ (రీసెటిల్మెంట్ రిజిస్టర్)లో సరిచూసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది వస్తుంది. తండ్రి స్కూలు సర్టిఫికెట్‌లో గుంటూరు జిల్లా, కొత్తగా తీసుకున్న జనన ధ్రువపత్రంలో బాపట్ల జిల్లా అని ఉంటే, ఇవి రెండు వేర్వేరు ఊళ్లేమోనని అక్కడి అధికారికి అనుమానం వస్తుంది. పాత కాగితాన్ని దిద్దించబోవద్దు, రాసిననాటికి అది సరైనదే. జిల్లా మార్పు గెజిట్ నోటిఫికేషన్ నకలులో ఊరున్న మండలం పేరు దగ్గర గుర్తు పెట్టి, రెండు పత్రాలతో కలిపి ఇవ్వండి.