మన్యంలో భూమి, ఇల్లు, కాఫీ తోట: అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకే రోజు మా ఆఫీసుకి ఇద్దరు వచ్చారు. పొద్దున్నే వచ్చినాయన విశాఖలో రిటైరైన మాస్టారు. అరకు దారిలో పది సెంట్లు కొన్నానన్నారు. చేతిలో వంద రూపాయల స్టాంపు కాగితం, దాని మీద నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. ప్రహరీ కట్టిద్దామని ఇటుకలు దింపితే ఊరివాళ్లు అడ్డుపడ్డారట. రిటైర్మెంటు డబ్బులో సగం అందులోనే పెట్టారు. మాట్లాడుతుంటే చెయ్యి వణుకుతోంది.

మధ్యాహ్నం వచ్చినామె జి.మాడుగుల వైపు కొండదొర తెగ ఆవిడ. భర్త జబ్బు పడితే కాఫీ తోట చూపించి షావుకారు దగ్గర డబ్బు తీసుకుంది, కాగితం మీద వేలిముద్ర వేసింది. భర్త దక్కలేదు. ఐదేళ్లుగా పంట షావుకారే కోసుకుంటున్నాడు. తోట సంగతి అడగడానికి కూడా రాలేదామె, కూతురి కులధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. మాటల్లో తోట ఊసు వచ్చి, ఎందుకు ఊరుకున్నావని అడిగితే, "ఏలిముద్ర ఏసేసినాక ఇంకేటుంటాదమ్మా?" అంది.

ఇద్దరూ నమ్మింది ఒకటే. కాగితం మీద సంతకం పడింది కాబట్టి భూమి చేతులు మారిపోయిందని. పదిహేడేళ్లుగా పాడేరు చుట్టుపక్కల ఎల్టీఆర్ కేసులు, అంటే ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనల కింద వచ్చే కేసులు చూస్తున్నాను. ఈ ఒక్క నమ్మకం పోగొట్టినంత డబ్బు, భూమి ఇంకేదీ పోగొట్టలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: ఏజెన్సీలో రిజిస్ట్రేషన్ అవ్వదు గానీ, నోటరీ అగ్రిమెంటు మీద కొనుక్కోవచ్చు.

వాస్తవం: కొనలేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. అందరం వన్ ఆఫ్ సెవెంటీ అనేది ఆ సవరణనే. అది 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలోని, అంటే ఏజెన్సీలోని, స్థిరాస్తిని షెడ్యూల్డు తెగల వ్యక్తికి గానీ, పూర్తిగా వాళ్లే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఎవరికి బదలాయించినా ఆ బదలాయింపు చెల్లదు. అమ్మేది గిరిజనుడా, గిరిజనేతరుడా అన్న తేడా లేదు. "మాకు అమ్మింది గిరిజనులు కాదండీ, తాతల నాటి నుంచి అక్కడున్న షావుకార్లు" అని కొందరు ధీమాగా చెబుతారు. అదీ చెల్లదు.

బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా. లీజు. దానం. మార్పిడి. వీటిలో దేనికోసమైనా రాసుకున్న ఒప్పందం కూడా. ఈ చివరి మాట దయచేసి రెండుసార్లు చదవండి. అగ్రిమెంటు చట్టానికి పక్కదారి అని బ్రోకర్లు చెబుతారు, కానీ అగ్రిమెంటు పేరు చట్టం నిర్వచనంలోనే ఉంది. నోటరీ ముద్ర వేస్తే సంతకం పెట్టిన మనిషి ఎవరో తెలుస్తుంది, అంతవరకే. చెల్లని లావాదేవీకి ఆ ముద్ర ప్రాణం పొయ్యదు. 1978లో ఇంకో సవరణ తెచ్చి ఇలాంటి దస్తావేజుల రిజిస్ట్రేషన్ని నిషేధించారు, ఉల్లంఘించి కొన్నవాళ్లకి ఏడాది వరకు జైలు శిక్ష కూడా పెట్టారు.

ఇదంతా చెప్పాక కూడా ప్రతి వారం కొత్త రూపంలో అవే ప్రశ్నలు.

"పొలానికే కదా మేడం, ఇంటికి కాదుగా?" చట్టంలో ఉన్న మాట స్థిరాస్తి. ఇల్లు, ఇంటి స్థలం, కొట్టు గది, అన్నీ అందులోకే వస్తాయి.

"ఇంటిపన్ను రశీదు నా పేరునే ఉంది, కరెంటు మీటరూ నాదే." పన్ను కడితే పన్ను కట్టినట్టు, బిల్లు కడితే బిల్లు కట్టినట్టు. హక్కు వేరు.

"తొంభై తొమ్మిదేళ్ల లీజు రాయించుకుంటే?" లీజూ బదలాయింపే. లంబసింగి, వంజంగి వైపు మబ్బులు చూడ్డానికి జనం పెరిగాక ఈ లీజు కాగితాలు బాగా ఎక్కువయ్యాయి. టెంట్లు, గదులు వేసుకుని నడుపుకోవడం స్థానిక గిరిజన కుటుంబాలకు చక్కటి ఆదాయం. వాళ్లే నడుపుతున్న చోట ఏ గొడవా లేదు. బయటివాళ్లు స్థలం మీద పట్టు కోసం వచ్చినప్పుడే కేసులవుతున్నాయి.

"పన్నెండేళ్లు అనుభవంలో ఉన్నాను, ఇక ఎవరూ కదపలేరు." గిరిజనుడి భూమి మీద గిరిజనేతరుడు అనుభవం ద్వారా హక్కు సంపాదించలేడని ఒడిశాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. పైగా మన చట్టంలో నిరూపణ భారం తలకిందులుగా ఉంటుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట అనుకుంటారు. కాదని నిరూపించుకోవలసింది అతనే.

"మా డ్రైవరు ఎస్టీ, అతని పేరు మీద కొన్నాను." ఇది అన్నిటికన్నా ప్రమాదం. బినామీ పేరు మీద పెట్టిన ఆస్తి నాదేనని కోర్టుకెక్కే హక్కును 1988 నాటి బినామీ చట్టమే తీసేసింది. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే కొన్నాడు. డ్రైవరు చనిపోయాడు. అతని కొడుకులు ఆ భూమి మా నాన్నదే అన్నారు. కాగితం ప్రకారం వాళ్ల మాటే నిజం. ఆయన మా ఆఫీసు వరండాలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక "వన్ ఆఫ్ సెవెంటీ ఎత్తేస్తున్నారట, ఇప్పుడే కొనేసుకోండి" అన్న మాట. ఏడాదికోసారి ఫోన్లలో తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ నాలుగు కొత్త అగ్రిమెంట్లు పుడతాయి. ఈ పుకార్లు పంపేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. 2025 ఫిబ్రవరిలో ఇలాంటి మాటే బయటికొస్తే మన్యం మొత్తం బంద్ పాటించింది. చట్టాన్ని మార్చేది లేదని ముఖ్యమంత్రే ప్రకటించారు. అంతకు ముందు 1988లో ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద వచ్చిన 1997 నాటి సమత తీర్పులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం తన భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తేల్చింది. ప్రభుత్వానికే దారి లేనప్పుడు బ్రోకరు చూపించే దారి ఎక్కడిది?

అపోహ: డబ్బు తీసుకుని వేలిముద్ర వేశాం, ఇక భూమి అడగడానికి మొహం చెల్లదు.

ఇది పైదానికి రెండో వైపు. దీనివల్ల పోయేది గిరిజన కుటుంబాలకి. మాట ఇస్తే తప్పకూడదన్న నియమం మన్యంలో చాలా బలంగా ఉంటుంది. అప్పు తీర్చకుండా భూమి అడగడం తప్పేమోనని వాళ్లు మథనపడతారు. ఆ నియమాన్నే ఆసరా చేసుకుంటారు కాగితం రాయించేవాళ్లు.

వాస్తవం: బదలాయింపు చెల్లనిదైనప్పుడు భూమిని అమ్మినవాళ్లకు గానీ వాళ్ల వారసులకు గానీ తిరిగి అప్పగించమని చట్టమే చెబుతోంది. డబ్బు తిరిగి కడితేనే భూమి ఇస్తామన్న షరతు అందులో లేదు. సంబంధం ఉన్న ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా తెలియజేసినా సరే, అధికారి తనంతట తాను తీసుకున్నా సరే, కేసు నడుస్తుంది. విచారణ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో, అప్పీలు ఏజెన్సీకి ప్రభుత్వ ఏజెంటు హోదాలో ఉన్న కలెక్టరు దగ్గర.

ఆ కొండదొర ఆవిడ ఊరికి వెళ్లాను. మట్టి గోడల ఇల్లు, పెంకుల కప్పు, ఎర్రమట్టితో అలికిన అరుగు. అరుగు మీద రాగులు ఆరబోసి ఉన్నాయి. "కాగితం ఉందా?" అంటే లేదంది. ఊళ్లో ఎవరో, ఆ కాగితం బయటపడితే నీకే జైలు అని భయపెట్టారట. కాసేపు ఊరుకుని, పీట వేసుకుని ఎక్కి, చూరులో వెదురు వాసానికీ పెంకుకీ మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. పొయ్యి పొగకి కవరు నల్లబడి, ముట్టుకుంటే వేళ్లకి మసి అంటుకుంది. లోపల కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది. కింద ఊదారంగు వేలిముద్ర, పైన "కాఫీ తోట యావత్తూ ఈ దినమున మీకు స్వాధీనపరచడమైనది" అన్న వాక్యం.

ఆ ఒక్క వాక్యం చాలు. కేసు నడవడానికి ఇంకేం కావాలి? తోట ఎవరిది, ఎవరి చేతికి పోయింది, ఎప్పుడు పోయింది, అన్నీ షావుకారు తన చేతులతోనే రాయించి పెట్టాడు. అవతలివాడికి హక్కుగా పనికిరాని ఆ కాగితమే ఆమెకు సాక్ష్యం. భయపడి చింపేసినవాళ్లు, పొయ్యిలో పెట్టేసినవాళ్లు ఎంతమందో. వాళ్ల కేసులు సాక్షుల మాట మీద ఏళ్ల తరబడి సాగుతాయి. తల్లీ, ఆ కాగితం చింపకండి. దాని వల్ల మీకు జైలు రాదు.

మిగతావి గబగబా.

అపోహ: ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అమ్ముకోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా వారసులకి వస్తుంది గానీ, అమ్మడానికి వీల్లేదు, ఇంకొకరికి బదలాయించడానికీ వీల్లేదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే, అదీ కుటుంబానికి నాలుగు హెక్టార్ల లోపే. పెళ్లైనవాళ్లకి పట్టా ఇద్దరి పేరు మీదా ఉండాలి. భార్య పేరు లేకుండా పట్టా ఉంటే అడిగి రాయించుకోండి.

అపోహ: బ్యాంకులో పెట్టినా భూమి పోతుంది. 1971 నుంచి ఆమోదం ఉన్న బ్యాంకులకి, సహకార సంఘాలకి స్వాధీనం ఇవ్వకుండా తాకట్టు పెట్టుకోవచ్చు. బాకీ పడి వేలం వేసినా గిరిజనులే కొనాలి. ఈ భయంతోనే చాలామంది బ్యాంకు మెట్లెక్కకుండా షావుకారు దగ్గరికి వెళ్తున్నారు.

అపోహ: అరకు కాఫీ ప్యారిస్‌లో అమ్ముతున్నారు, ఇక గిరిజనులకి కొదవేంటి? 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిజమే. మంచి పేరు, మంచి ధర కూడా. కానీ చాలా కుటుంబాలకి ఉన్నది ఎకరమో రెండెకరాలో, సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల మధ్య. పళ్లు కోసేది నవంబరు నుంచి, ఆ డబ్బు కనపడేది ఏడాదికి ఒక్కసారి. మిగతా నెలలు గడిచేది రాగి, సామ, పసుపు, రాజ్‌మా, చింతపండు, కూలి మీద. మధ్యలో ఆస్పత్రి ఖర్చు వచ్చిందంటే రాబోయే పంట మీద ముందే అప్పు. పళ్లు పండకముందే ధర కుదిరిపోతుంది. తోట మీద కాగితం పుట్టేది కూడా సరిగ్గా ఆ వానాకాలం నెలల్లోనే.

అపోహ: కొండ మీద ఇల్లు కట్టుకోవడానికి ఖర్చేముంది? మట్టి ఇల్లయితే ఊరంతా కలిసి లేపుతారు, నిజం. శ్లాబు ఇల్లంటే ఇసుక, ఇనుము, సిమెంటు కింది నుంచి రావాలి. రోడ్డు ఆగిన చోటు నుంచి తలమీదే. గదబ, పోర్జ, ఖోండు లాంటి బాగా వెనుకబడిన తెగల (పీవీటీజీ) కుటుంబాలకి కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద ఇంటికి 2.39 లక్షల రూపాయలు ఇస్తున్నారు. అవి విడతలుగా లబ్ధిదారు ఖాతాలోనే పడతాయి. "ఇల్లు శాంక్షన్ చేయిస్తాను, ముందు కొంచెం ఇవ్వు" అన్న ఎవరికీ పైసా ఇవ్వకండి.

అపోహ: గిరిజనులంటే అందరూ ఒకటే. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని 11 మండలాల్లోనే భగతలు, కొండదొరలు, కోటియలు, వాల్మీకులు, కొండకమ్మరలు, గదబలు, పోర్జలు, ఖోండులు ఉన్నారు. మాట వేరు, పండగ వేరు, ఉన్న భూమి ఎంతన్నది కూడా వేరు. ఖోండుల భాష కువి మాట్లాడే ముసలాయనకి తెలుగులో చదివి వినిపించి "అర్థమైందా" అంటే ఆయన తలూపుతాడు. అది ఒప్పుకోలు కాదు. కోర్టులో దుబాసీని అడగండి.

అపోహ: ఎప్పటినుంచో ఉన్న గిరిజనేతర కుటుంబాలని వెళ్లగొట్టేస్తారు. ఈ టెన్షన్‌తో వచ్చే పెద్దవాళ్లని చూస్తే బాధేస్తుంది. 1970కి ముందే చట్టప్రకారం దక్కిన భూమి, దానికి రుజువుంటే, మీదే. పిల్లలకి వారసత్వంగా వస్తుంది. అమ్మాలంటే మాత్రం గిరిజనులకే అమ్మాలి. కొనేవాళ్లెవరూ ముందుకు రాకపోతే ప్రభుత్వాన్ని కొనమని అర్జీ పెట్టుకోవచ్చు. పాత సెటిల్మెంటు పట్టా, శిస్తు రశీదులు పెట్టెలో ఉన్నాయో లేవో ఈ రోజే చూసుకోండి.

మాస్టారికి ఏం చెప్పానని అడుగుతారు. ఇంకో రూపాయి ఆ స్థలం మీద పెట్టొద్దన్నాను. గోడ కట్టొద్దన్నాను, ఊరివాళ్ల మీద కేసు పెట్టే ఆలోచనే వద్దన్నాను. డబ్బు తీసుకున్న మధ్యవర్తి విశాఖలోనే ఉన్నాడు, అతని మీద మోసం ఫిర్యాదు రాశాం. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసిన మొత్తానికి ఆధారం ఉంది, నగదుగా ఇచ్చినదానికి లేదు. ఎంత వెనక్కి వస్తుందో ఆయనకి నేను మాట ఇవ్వలేదు.

ఆమె దరఖాస్తు మాత్రం ఆ వారంలోనే వేశాం. మసి అంటిన కాగితాన్ని జిరాక్సు తీయించి, అసలుది కొత్త కవర్లో పెట్టి ఆమెకే ఇచ్చాను. మొదటి వాయిదా కాఫీ కోతలకు ముందే ఉంది.