ట్యాగ్ యాంటీబాడీ: బ్యాండ్ వస్తే ప్రొటీన్ ఉన్నట్టేనా?

పరిశోధిస్తున్న ప్రొటీన్‌కి మంచి యాంటీబాడీ దొరకనప్పుడు, దాని చివర చిన్న ట్యాగ్ తగిలించి ఆ ట్యాగ్‌ని పట్టే యాంటీబాడీతో వెతుకుతాం. ఎక్కువగా ఇది వెస్టర్న్ బ్లాట్‌లో చేస్తాం: జెల్‌లో సైజు ప్రకారం విడదీసిన ప్రొటీన్లని పొర మీదికి ఎక్కిస్తే, యాంటీబాడీ పట్టిన చోట కనిపించే గీతే బ్యాండ్. ఫ్లాగ్ ట్యాగ్‌లో 8 అమైనో ఆమ్లాలుంటాయి, హెచ్‌ఏలో 9, మిక్‌లో 10. ఆ యాంటీబాడీ చూసేది ఈ కాస్త వరసనే, మన ప్రొటీన్‌ని కాదు. ల్యాబుల్లో వినిపించే అపోహలు చాలావరకు ఈ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: మోనోక్లోనల్ (ఒకే కణ వంశం నుంచి వచ్చిన యాంటీబాడీ) కదా, ట్యాగ్ ఉన్నదాన్ని తప్ప వేరేదాన్ని పట్టదు.

మోనోక్లోనల్ పట్టేది ఒకే ఎపిటోప్‌ని, అంటే యాంటీబాడీ అతుక్కునే చిన్న భాగాన్ని. ఆ ఎపిటోప్ ఒకే ప్రొటీన్‌లో ఉండాలన్న నియమం లేదు. మిక్ ట్యాగ్‌నే తీసుకోండి. అది మానవ సి-మిక్ ప్రొటీన్‌లోని 410 నుంచి 419 వరకు ఉన్న ముక్క. అందుకే మానవ కణాల లైసేట్ (కణాలని పగలగొట్టి తీసిన ద్రవం) మీద మిక్‌ని పట్టే 9ఈ10 క్లోన్ (ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ) వాడితే, కణంలో సహజంగా ఉన్న సి-మిక్ కూడా 60 కిలోడాల్టన్ల దరిదాపుల్లో కనిపించవచ్చు. మన ప్రొటీన్ సైజు కూడా అంతే అయితే రెండింటినీ విడదీసి చెప్పలేం.

కాబట్టి ట్యాగ్ లేని లైసేట్ ఒక లేన్‌లో (జెల్‌లోని ఒక నిలువు పట్టీలో) ఉండి తీరాలి. అదే కణాలు, ఖాళీ ప్లాస్మిడ్ (మన జీన్ పెట్టని డీఎన్‌ఏ వలయం), అంతే ప్రొటీన్, అదే జెల్, అదే ఎక్స్‌పోజర్. ఈ లేన్ లేని బ్లాట్‌ని నేను నమ్మను, బ్యాండ్ ఎంత అందంగా వచ్చినా సరే.

అపోహ: బ్యాండ్ రాలేదంటే ప్రొటీన్ తయారు కాలేదు.

ఈ ఒక్క పొరపాటుతో మన ప్రొటీన్ తయారుచేసే మంచి క్లోన్లు ఎన్నో చెత్తబుట్టలోకి పోతాయి. ప్రొటీన్ ఉండీ, ట్యాగ్ ఊడిపోయి ఉండవచ్చు. స్రవించే ప్రొటీన్‌లో సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ని బయటికి పంపే దారి చూపే మొదటి ముక్క) కంటే ముందు ట్యాగ్ పెడితే, పెప్టైడ్ తెగినప్పుడు దాంతోపాటే ట్యాగ్ కూడా పోతుంది. హెచ్‌ఏ ట్యాగ్‌ది ఇంకో చిక్కు. కణాలు అపోప్టోసిస్‌లోకి (తమంతట తాము చచ్చే ప్రక్రియలోకి) వెళ్తే కాస్పేజ్ 3, 7 ఎంజైములు ఆ ట్యాగ్‌ని 7వ అమైనో ఆమ్లం తర్వాత కత్తిరించగలవు. ఇక యాంటీబాడీ దాన్ని గుర్తుపట్టదు. కణాల చావు మీద పనిచేసేవాళ్లు సిగ్నల్ తగ్గింది కాబట్టి ప్రొటీన్ తగ్గిందని రాసేముందు ఇది చూసుకోవాలి.

కొన్నిసార్లు ట్యాగ్ ఉన్నా యాంటీబాడీ పట్టదు. ఫ్లాగ్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి సల్ఫేట్ చేరితే ఎం2 అనే యాంటీ-ఫ్లాగ్ క్లోన్ సరిగా అతుక్కోదు. ఎం1 క్లోన్‌కైతే కాల్షియం కావాలి, పైగా ఫ్లాగ్ ప్రొటీన్‌కి సరిగ్గా మొదట్లో ఉండాలి, దానికి ముందు మెథియోనిన్ కూడా ఉండకూడదు. బఫర్‌లో ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం) ఉంటే ఎం1తో పని జరగదు. ఎం2కి ఆ షరతులేవీ లేవు. అందుకే నోట్‌బుక్‌లో ‘యాంటీ-ఫ్లాగ్’ అని రాసి వదిలేయకుండా క్లోన్ పేరు కూడా రాయండి.

అపోహ: ఐపీ (ఇమ్యునోప్రెసిపిటేషన్, అంటే యాంటీబాడీతో ప్రొటీన్‌ని లైసేట్‌లోంచి లాగడం) తర్వాత 50 కిలోడాల్టన్ల దగ్గర వచ్చిన లావుపాటి బ్యాండ్ మనదే.

చాలాసార్లు అది లాగడానికి వాడిన యాంటీబాడీలోని పెద్ద గొలుసు, అంటే హెవీ చెయిన్. 25 దగ్గర కనిపించేది దాని చిన్న గొలుసు, లైట్ చెయిన్. లాగడానికి, బ్లాట్‌కి రెండింటికీ ఎలుక యాంటీబాడీయే వాడితే సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టి సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) వీటిని కూడా పట్టేస్తుంది. వేరే జంతువు యాంటీబాడీతో బ్లాట్ చేయండి, లేదా ఫ్లాగ్ పెప్టైడ్‌తో ఎల్యూట్ చేయండి (యాంటీబాడీ నుంచి ప్రొటీన్‌ని విడిపించండి).

అపోహ: సిగ్నల్ తక్కువైతే యాంటీబాడీ పెంచాలి.

పెంచితే ముందు పెరిగేది బ్యాక్‌గ్రౌండే. మొదట నాలుగైదు డైల్యూషన్లు వేసి చూడండి. హెచ్‌ఆర్‌పీ (యాంటీబాడీకి తగిలించి సిగ్నల్ పుట్టించే ఎంజైమ్) వాడుతుంటే బఫర్లలో సోడియం అజైడ్ లేదని నిర్ధారించుకోండి, అది ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. అప్పటికీ చాలకపోతే ఒక ఫ్లాగ్ బదులు మూడు వరసగా పెట్టడం మేలు.

అపోహ: ట్యాగ్ ఇంత చిన్నది, ప్రొటీన్‌ని ఏం చేస్తుంది?

పెరాక్సిజోమ్‌కి (కణంలోని ఒక చిన్న సంచికి) వెళ్లే చాలా ప్రొటీన్ల చిరునామా వాటి చిట్టచివరి మూడు అమైనో ఆమ్లాల్లోనే ఉంటుంది. వాటి తర్వాత ట్యాగ్ తగిలిస్తే ప్రొటీన్ సైటోసాల్‌లోనే (కణంలోపలి ద్రవంలోనే) తిరుగుతుంది. బ్లాట్‌లో మాత్రం బ్యాండ్ చక్కగా వస్తుంది, అక్కడ ఏ అనుమానమూ రాదు. వీలైతే మొదట్లో ట్యాగ్ ఉన్నదొకటి, చివర ఉన్నదొకటి రెండూ కట్టి, ప్రొటీన్ పని చేస్తోందో లేదో పోల్చి చూడండి.