పాలు పడలేదా, చేపలేదా?

ఉప్పల్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. సగం ప్రశ్న, సగం ఫిర్యాదు. "మా అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మూడో రోజుకి కూడా పాలు పడలేదు. బిడ్డ ఒకటే ఏడుపు. మేమంతా మంచం చుట్టూనే ఉన్నాం. రాత్రి డ్యూటీకొచ్చిన కేరళ సిస్టర్ అందరినీ బయటికి పొమ్మంది, కన్నతల్లిని నన్ను కూడా! అరగంటకి తలుపు తీస్తే బిడ్డ తాగుతోంది, రెండో వైపు పాలు కారి బట్ట తడిసిపోయింది. ఏం మందిచ్చావమ్మా అంటే 'మందేం లేదు, మాట్లాడాను' అంది. మాటలకి పాలొస్తాయా అండీ?"

వస్తాయండీ. తల్లిపాలు అమృతమని, ఆరు నెలలు అవే పట్టాలని ఆగస్టు మొదటి వారంలో ప్రతి పేపరూ రాస్తుంది కాబట్టి అదంతా వదిలేస్తున్నాను. నాకు ఆసక్తిగా ఉన్నది ఆ తడిసిన బట్ట.

పాలు ఊరడం ఒక పని, ఊరిన పాలు బయటికి రావడం ఇంకో పని. ఊరించేది ప్రోలాక్టిన్ అనే హార్మోన్. మాయ పడిపోగానే రక్తంలో పాలకి అడ్డుపడే ప్రొజెస్టరాన్ హార్మోన్ దిగిపోతుంది, ఆ అడ్డు తొలిగాక రెండో రోజుకో మూడో రోజుకో పాలు దండిగా ఊరతాయి. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అంతవరకు వచ్చేవి చెంచాల లెక్కన ముర్రుపాలే, మామూలుగా బిడ్డకి అవి సరిపోతాయి. కాబట్టి మూడో రోజున కంగారు పడాల్సిన పని లేదు.

బయటికి పంపేది ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్. పాలు ఊరే సూక్ష్మమైన సంచుల చుట్టూ కండరాల్లా బిగుసుకోగల మయోఎపిథీలియల్ కణాలు అల్లుకొని ఉంటాయి. బిడ్డ చప్పరించగానే కబురు వెన్నుపాము మీదుగా మెదడు అడుగునున్న హైపోథాలమస్‌కి చేరుతుంది. అక్కడి సుప్రాఆప్టిక్, పారావెంట్రిక్యులర్ కేంద్రకాల్లోని నాడీకణాలు ఒక్కుమ్మడిగా స్పందించి, దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి ఆక్సిటోసిన్‌ని దఫదఫాలుగా రక్తంలోకి వదులుతాయి. తొమ్మిది అమినో ఆమ్లాల బుల్లి అణువు అది. రక్తంలో కొట్టుకొచ్చి ఆ కణాలను తాకగానే అవి బిగుసుకొని సంచిని పిండుతాయి. రక్తంలో వస్తుంది కనుక అటూ ఇటూ ఒకేసారి వస్తుంది. బిడ్డ ఒకవైపు తాగుతుంటే రెండో వైపు బట్ట తడిసింది అందుకే. ఇంకో విచిత్రం: బిడ్డ నోరు పెట్టక ముందే, ఏడుపు వినబడగానే తల్లి రక్తంలో ఆక్సిటోసిన్ పెరగడాన్ని 1983లోనే కొలిచారు. ప్రోలాక్టిన్ మాత్రం చప్పరిస్తే తప్ప కదలలేదు. అంటే ఈ రెండో పనిలో మెదడు ముందే తలదూరుస్తుంది.

పాడి ఉన్న ఇళ్లలో ఇదేం కొత్త సంగతి కాదు. దూడను వదిలి, పొదుగు నిమిరితేగాని గేదె చేపదు, అంటే పాలు కిందికి వదలదు. పిండే మనిషి మారినా, పాకలోకి కొత్త కుక్క దూరినా, పొదుగు నిండా పాలుండి కూడా ఎగచేపుతుంది. పోలిక మొరటుగా తోస్తే మన్నించండి, కానీ ఇది చాలా దూరం నడుస్తుంది. ఆవుకైతే పొదుగు అడుగున ఒక ఖాళీ ఉంటుంది, పాలలో ఐదో వంతు దాకా అందులోకి దిగి ఉంటాయి. చేపకపోయినా ఆ కాస్త పిండుకోవచ్చు. గేదెకి అలా దిగేవి 5 శాతం దగ్గర, మిగతావన్నీ పై సంచుల్లోనే. ఈ విషయంలో మనిషి గేదె పక్షం. ఇంటర్ బైపీసీలో చనుమొన వెనక ఆంపుల్లా అని ఉబ్బిన గదులు గీసి, పాలు అక్కడ చేరతాయని మాతో బట్టీ పట్టించారు. ఆ బొమ్మకి మూలం 1840లో ఇంగ్లండ్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ శవాలను కోసి రాసిన పుస్తకం. 2005లో ఆస్ట్రేలియాలో పాలిచ్చే తల్లులకి అల్ట్రాసౌండ్ చేసి చూస్తే ఆ గదులు కనబడనే లేదు. బొమ్మ మాత్రం పిల్లలకి ఇప్పటికీ మార్కులు తెచ్చిపెడుతూనే ఉంది! గదులు లేకపోతే తేలేదేమిటి? తల్లి చేపకపోతే పంపు పెట్టినా చుక్కలే వస్తాయి. ఆ చుక్కలు చూసి ఇంట్లోవాళ్లు "పాలే లేవు" అని తేల్చేస్తారు.

పాలు ఉండి రాకపోవడమూ, అసలు లేకపోవడమూ వేరని 1948లో ఒక దంపతులు రుజువు చేశారు. మైకేల్ న్యూటన్ డాక్టరు, నైల్స్ న్యూటన్ సైకాలజిస్టు, పైగా పాలిచ్చే తల్లి. ప్రయోగం ఆవిడ మీదే. పాలిచ్చేటప్పుడు ఒకరోజు ఆవిడ కాళ్లు మంచునీళ్లలో పెట్టించారు. ఇంకోరోజు గబగబా లెక్కలడిగి, తప్పితే చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. మరోరోజు కాలి వేళ్లు లాగారు. ముందూ వెనకా బిడ్డను తూచి, ఎంత తాగిందో లెక్కగట్టారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు 168 గ్రాములు. సతాయించినప్పుడు 99. అదే సతాయింపు మధ్య ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే 153. సూది పోటు ప్రభావమని ఎవరూ అనకుండా, మిగతా రోజుల్లో ఉత్త సెలైన్ పొడిచారు. ఇంజెక్షన్‌తో తిరిగొచ్చాయంటే పాలు లోపలే ఉన్నాయన్నమాట. ఆగింది పైన, ఆక్సిటోసిన్ విడుదలయ్యే చోట. 1994లో జపాన్‌లో తల్లుల రక్తంలోనే దీన్ని చూశారు: లెక్కలు చేయించినా, రొద పెట్టినా ఆక్సిటోసిన్ దఫాలు తగ్గాయి, ప్రోలాక్టిన్ తగ్గలేదు.

మన ఆస్పత్రి గదిలో మంచునీళ్లూ షాకులూ ఉండవు. "పాలు పడ్డాయా?" అని గంటకో చుట్టం అడుగుతారు, అంతే తేడా. కుట్ల సలుపు, నిద్ర లేని కళ్లు, వీడియో కాల్‌లో అత్తగారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. అంటే సగం మందికి పైగా తల్లులు కోసిన కడుపుతో ఈ పరీక్ష రాస్తున్నారు. భయానికి చేపదు. చేపకపోతే రొమ్ము ఖాళీ కాదు. ఖాళీ కాకపోతే ఊరడమే తగ్గుతుంది, ఎందుకంటే నిండిన సంచి తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటుంది. ఈలోగా ఎవరో డబ్బా పాలు కలుపుతారు, బిడ్డ చప్పరించడం తగ్గిస్తుంది. వారం తిరిగేసరికి "పాలు లేవు" అన్న మాట నిజమై కూర్చుంటుంది.

దిష్టి తగిలి పాలు ఎగిరిపోయాయంటారు చూశారూ, పదిమంది కళ్ల ముందు పాలు రాకపోవడం మాత్రం నిజంగా జరిగేదే. మిరపకాయలు మంటలో వేసినందుకు కాదు, దిష్టి తీసే వంకన జనం బయటికి పోయినందుకు వచ్చి ఉంటాయి.

ఆ సిస్టర్ ఏం చేసి ఉంటుందో ఊహించగలను, మా ఇంట్లో పురుడప్పుడు అలాంటి ఒకామెను చూశాను. వస్తూనే రొమ్ము పట్టుకోలేదు. స్టూల్ లాక్కొని కూర్చొని, "కుట్లు లాగుతున్నాయామ్మా?" అని అడిగి, ముందు నొప్పి మాత్ర ఇచ్చింది. పొట్ట మీద బరువు పడకుండా పక్కన దిండు పెట్టి, బిడ్డను చంక కిందుగా, కాళ్లు వెనక్కి పోయేలా పడుకోబెట్టింది. బిడ్డ ఆవులించినంతగా నోరు తెరిచేదాకా ఆగి, గడ్డం ముందు తగిలేలా దగ్గరికి తెమ్మంది. మొన మాత్రమే నోట్లో ఉంటే పుండు పడుతుంది. కింది పెదవి బయటికి మడతపడి, చుట్టూ ఉన్న నల్లభాగం కూడా లోపలికి పోవాలి. ఆ తర్వాత "గుటక వినబడుతోందా?" అని చెవి ఒగ్గి వినిపించింది. నన్నడిగితే ఆ గుటకే అసలు వైద్యం. "భయపడకు" అంటే ఎవరికీ భయం పోదు, పాలు వస్తున్న సాక్ష్యం కావాలి.

ఇంత హైరానా ఎందుకు, గేదెలకి పొడిచినట్టు ఆక్సిటోసినే ఇచ్చేయవచ్చుగా అంటారేమో. నెలలు నిండని బిడ్డల తల్లులకి ముక్కులో స్ప్రేగా ఇచ్చి చూశారు, ఉత్తుత్తి స్ప్రే కంటే పెద్ద ప్రయోజనం కనబడలేదు. అది రక్తంలో నిలిచేది నిమిషాలే, బిడ్డ తాగేది రోజంతా. అదే 1989లో అలాంటి తల్లులకే మనసు తేలికపరిచే ఇరవై నిమిషాల టేపు వినిపిస్తే, ఒక విడతలో పిండిన పాలు వినని వాళ్లకంటే 63 శాతం ఎక్కువొచ్చాయి. మన హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు ఉంది. బిడ్డ ఒక వార్డులో, తల్లి ఒక వార్డులో ఉండి పాలు పిండాల్సి వచ్చినప్పుడు ఈ లెక్క ఇంకా పనికొస్తుంది. పక్కన బిడ్డ టోపీ పెట్టుకోవడం, వీలైతే బిడ్డను ఎదమీద పడుకోబెట్టుకున్నాక పిండడం లాంటివి తేలికపాటి ఉపాయాలు.

అన్నిటికీ భయమే కారణం కాదు. థైరాయిడ్ లోపం, మాయ ముక్క లోపల మిగలడం, కాన్పులో రక్తం బాగా పోవడం, రొమ్ముకి పాత ఆపరేషన్, వీటివల్ల నిజంగానే పాలు తక్కువ పడతాయి. అప్పుడు డాక్టరు చెప్పిన పైపాలు పట్టడం తల్లి తప్పేమీ కాదు. చాలుతున్నాయో లేదో రొమ్ముని చూస్తే తెలియదు, బిడ్డను చూడాలి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి, విరేచనం నలుపు వదిలి పసుపు రంగుకి మారాలి, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి తిరిగి రావాలి. మగతగా ఉండి తాగడానికి లేవకపోయినా, కామెర్లు ముదురుతున్నా ఆ పూటే డాక్టరుకి చూపించండి.