పెద్ద రోగం పోయింది, పారుడు రోగం మిగిలింది

వరంగల్ పల్లెల్లో పారుడు రోగం అంటే గొల్ల కురుమలకు గుండె గుభేలుమంటుంది. జీవానికి, అంటే గొర్రెకో మేకకో, జ్వరం తగులుతుంది, కళ్లు పుసులు కడతాయి, ముక్కు కారుతుంది, నోరంతా పుండ్లు పడి మేత ముట్టదు. ఆపై పారుకోవడం మొదలవుతుంది. మందలో ఒకదానికి వస్తే పక్కవాటికి పాకడానికి ఎన్నో రోజులు పట్టదు.

దీని అసలు పేరు పీపీఆర్, ‘నెమరేసే చిన్న జీవాల ప్లేగు’ అనే అర్థమొచ్చే ఫ్రెంచి పేరుకు పొట్టి రూపం. 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో తొలిసారి గుర్తించారు. మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూర్‌లో బయటపడింది. అంతకు ముందు గొర్రెలు, మేకలు ఇలా చస్తే రిండర్‌పెస్ట్ అనుకునేవారు. పశువుల పెద్ద రోగమంటే అదే. రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలు, లక్షణాలూ ఇంచుమించు ఒకటే.

ఆ పెద్ద రోగం మీద మన దేశం 1954 నుంచి ఊరూరా టీకాలతో పోరాడింది. 2006లో దాని నుంచి విముక్తి పొందింది. 2011లో ప్రపంచమే దాన్ని వదిలించుకుంది. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. ఆ ధైర్యంతోనే 2015లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో పీపీఆర్‌ను 2030 కల్లా లేకుండా చేయాలని నిర్ణయించారు.

ఆ ఆశకు ఆధారముంది. టీకా ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. కోలుకున్న జీవం జీవితాంతం వైరస్‌ను మోసుకు తిరగదు. మన దగ్గరే సుంగ్రి 96 టీకా తయారైంది. సీసాలోని పొడిని ద్రావణంలో కలిపి, ఐసు మీద ఉంచి, చర్మం కింద ఒక మిల్లీలీటర్ ఇస్తారు. కలిపాక ఎండలో పెడితే పనికిరాదు.

చిక్కంతా మందలోనే ఉంది. ఎద్దు ఏళ్ల తరబడి ఒకే కొట్టంలో ఉంటుంది. గొర్రెపోతు మాత్రం పండక్కో పెళ్లికో అమ్ముడైపోతుంది, దాని చోట టీకా ఎరగని పిల్లలు వస్తాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ వాటికి మూడు నాలుగు నెలలే. 2019 లెక్కల్లో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, సుమారు 1.9 కోట్లు. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన జీవాలూ మన మందల్లో కలిశాయి. అంగడికి తోలుకెళ్లి అమ్ముడుపోక తిరిగొచ్చిన జీవం కూడా రోగాన్ని వెంట తేవచ్చు.

అందుకే టీకా తేదీలు కాపరుల కదలికను బట్టి పెట్టాలని నా అభిప్రాయం. నాట్లు పడ్డాక పొలాల్లో మేపు ఉండదు, మందలు అడవి దారి పడతాయి. అవి కదలకముందే టీకాలు పూర్తి కావాలి. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు నాలుగు నెలలు నిండగానే మరో విడత వేయాలి.