వానపాముల టీ: అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నమ్మే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

మా షెడ్డు హైదరాబాద్ శివార్లలో కీసర దగ్గర ఉంది. వానపాములు పెంచే బెడ్లు ఆరు, 20 లీటర్ల బకెట్లు రెండు, నీళ్లలోకి గాలి ఊదే అక్వేరియం పంపులు రెండు. ప్రతి ఆదివారం పొద్దున బోడుప్పల్, ఉప్పల్, నాచారం వైపు మిద్దెతోటలున్న ఇళ్లకు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), వర్మీ టీ (ఆ ఎరువును నీళ్లలో నానబెట్టి తీసే, మొక్కలకు పోసే ద్రవం) ఇచ్చి వస్తాను. మిగతా ఆరు రోజులు వేరే ఉద్యోగం. ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు వింటుంటే, వాటి వెనక అవే ఏడెనిమిది నమ్మకాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని నాకూ ఉండేవి. వాటివల్ల డబ్బూ పోయింది, మంచి కస్టమర్లూ పోయారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: బెడ్డు కింద కారే నల్లటి నీళ్లే వర్మీ టీ.

మూడు వేర్వేరు ద్రవాలను మనవాళ్లు ఒకే పేరుతో పిలుస్తున్నారు. బెడ్డుకు నీళ్లు ఎక్కువైతే అడుగున కారేది ఊట. అందులో ఇంకా పూర్తిగా చివకని పేడ రసం, లవణాలు ఉంటాయి. అది బాగా కారుతోందంటే బెడ్డులో తడి ఎక్కువైందని అర్థం. పదింతల నీళ్లు కలిపి పెద్ద చెట్ల మొదట్లో పోసుకోవచ్చు కానీ నారుకు పోస్తే మాడిపోతుంది.

వర్మీవాష్ రెండోది. డ్రమ్ములో కంకర, ఇసుక, మట్టి, పేడ, గడ్డి పొరలుగా వేసి, వానపాములు వదిలి, అవి కుదురుకున్నాక పైనుంచి చుక్కచుక్కగా నీళ్లు పడేలా చేసి కింద కుళాయిలో పట్టేది. చెన్నై శాస్త్రవేత్త డాక్టర్ సుల్తాన్ ఇస్మాయిల్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు.

టీ మూడోది. పూర్తిగా తయారైన ఎరువును నీళ్లలో నానబెట్టి, గాలి పట్టించి తీస్తాం. నేను 15 లీటర్ల నీళ్లకు జల్లెడ పట్టిన ఎరువు కిలో తీసుకుని పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తాను. పంపు 24 గంటలు ఆడుతుంది. నల్లా నీళ్లయితే ముందురోజే బకెట్లో మూత లేకుండా ఉంచుతాను, క్లోరిన్ పోవాలి కదా. క్లోరిన్ వేసిందే సూక్ష్మజీవులను చంపడానికి, మనం పెంచబోతున్నదీ వాటినే.

అపోహ: సీసాలో పోసి మూత పెడితే ఆరు నెలలు నిల్వ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇదే. టీలో ఉన్న గొప్పతనమంతా గాలి పీల్చే సూక్ష్మజీవులది. పంపు ఆపిన క్షణం నుంచి అవి నీళ్లలో మిగిలిన ఆక్సిజన్‌ను వాడేస్తుంటాయి. కొన్ని గంటల్లో అది అయిపోతుంది. తర్వాత గాలి అక్కర్లేని జీవులు పెరిగి కుళ్లు వాసన మొదలవుతుంది.

మొదటి ఏడాది నాకిది తెలియదు. అందంగా లేబుల్ వేయించి లీటరు సీసాల్లో నింపి ఇచ్చాను. పది రోజుల తర్వాత ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్ చేసి, "బాబూ, సీసా ఉబ్బిపోయింది, మూత తీస్తే ఇల్లంతా మురుగు వాసన" అన్నారు. వెళ్లి క్షమాపణ చెప్పి, డబ్బు తిరిగిచ్చి వచ్చాను. అపార్ట్‌మెంట్‌లో ఆ వాసనకు పక్కింటివాళ్లు కూడా గొడవ చేశారట. ఆవిడ మళ్లీ నా దగ్గర ఏమీ కొనలేదు, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆర్డర్లు శుక్రవారం తీసుకుంటాను. శనివారం పొద్దున పంపు ఆన్, ఆదివారం పొద్దున మూటలు తీసి నేరుగా ఇళ్లకు. క్యానుపై పంపు ఆపిన టైమ్ రాస్తాను. నాలుగైదు గంటల్లో వాడేయమని చెబుతాను. ఇది పాలు పోసే పని లాంటిదే. స్కూటర్ మీద పొద్దున్నే ఎంత దూరం తిరగగలరో అంతే మీ మార్కెట్. కొరియర్‌లో వేరే జిల్లాకు పంపమని అడిగేవాళ్లకు నేను ఎరువే పంపిస్తాను, టీ ఇంట్లో తయారుచేసుకునే పద్ధతి ఫోన్‌లో చెబుతాను.

కరెంటు పోయినా ఇదే ఇబ్బంది. రాత్రి మూడు గంటలు పంపు ఆగిందంటే ఆ బకెట్ నేను అమ్మను, మా కొబ్బరి చెట్లకు పోస్తాను. మంచి టీకి వాన పడిన మట్టి వాసన ఉంటుంది. ముక్కుకు తేడా తెలిస్తే అమ్మొద్దు. ప్రతిసారీ బకెట్, ట్యూబులు, గాలి రాళ్లు (పంపు గాలిని చిన్న బుడగలుగా వదిలేవి) రుద్ది కడిగి ఎండబెట్టాలి. లోపల జిగురు పట్టిందంటే తర్వాతి విడత చెడినట్టే.

అపోహ: బెల్లం ఎక్కువ వేస్తే నురగ బాగా వస్తుంది, నురగ వస్తే టీ కుదిరినట్టే.

నురగను చూసి టీ బలం చెప్పలేం. బెల్లం బ్యాక్టీరియాకు తిండి. తిండి ఎక్కువైతే అవి ఒక్కసారిగా పెరిగి, పంపు ఇచ్చే గాలి చాలక టీ పాడవుతుంది. అంతకంటే నన్ను భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. వానపాముల ఎరువు కుప్ప కంపోస్టులా 55 డిగ్రీలకు పైగా వేడెక్కదు, వేడెక్కితే పాములే చచ్చిపోతాయి. కాబట్టి పేడలో మనకు జబ్బు చేసే ఈ-కోలి, సాల్మొనెల్లా లాంటి క్రిములుంటే అన్నీ చచ్చిపోయాయని చెప్పలేం. బెల్లం వాటిని కూడా పెంచుతుంది. నేను బెల్లం పూర్తిగా మానేశాను. కొత్తిమీర, పుదీనా, పాలకూర లాంటి వాటికి టీ మట్టిలోనే పోయమంటాను, ఆకుల మీద పిచికారీ చేయొద్దని గట్టిగా చెబుతాను. కొత్తిమీర మనం పచ్చిదే చల్లుకుని తింటాం. ఈ ఒక్క మాట కస్టమర్‌కు చెప్పకుండా క్యాను చేతికివ్వకండి.

అపోహ: టీ పోస్తే ఇక ఎరువే అక్కర్లేదు.

లెక్క చూద్దాం. ఎరువుల నాణ్యతకు కేంద్రం పెట్టిన ఫర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్, 1985 ప్రకారం వర్మీకంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. భాస్వరం, పొటాష్ 0.8 శాతం చొప్పున. అంటే కిలో ఎరువులో నత్రజని సుమారు 10 గ్రాములు. అదంతా 15 లీటర్లలోకి దిగిందనుకున్నా లీటరుకు 0.7 గ్రాము కూడా రాదు. ఒకటిన్నర గ్రాముల యూరియాలో ఉండేంత. నిజానికి అంతా దిగదు, ఎక్కువ భాగం మూటలోనే ఉండిపోతుంది. ఆపైన ఐదింతల నీళ్లు కలుపుతాం.

మరి టీ ఎందుకు? మట్టికి సూక్ష్మజీవులను, హ్యూమిక్ పదార్థాలను (బాగా చివికిన ఎరువులో ఉండే నల్లటి సారాన్ని), కాస్త కరిగిన పోషకాలను అందించడానికి. కుండీలో ఎరువు ఉంటేనే వాటికి అక్కడ పని. అందుకే నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు వేసే ఇళ్లకే టీ అమ్ముతాను. ఒక్క టీనే అడిగితే ముందు ఎరువు వేసి చూడండి అంటాను. మూటలో మిగిలిన పిప్పిని పారేయకండి, అది కూడా కుండీకి వేసుకోవచ్చు.

అపోహ: పురుగులూ తెగుళ్లూ పోతాయి.

పేనుబంక, పిండినల్లి టీతో చావవు. బూడిద తెగులు లాంటి వాటి మీద పరిశోధనలు జరిగాయి కానీ ఫలితాలు ఒకేలా రాలేదు, ఒక ఎరువుతో పనిచేసింది ఇంకో ఎరువుతో పనిచేయలేదు. దీనిలో చట్టం కూడా ఉంది. "పురుగులను చంపుతుంది" అని రాసి అమ్మితే అది పురుగుమందు కిందకు వస్తుంది, ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్, 1968 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. లేబుల్ మీద ఆ మాట వద్దు, నోటితో కూడా వద్దు. ఎరువు ప్యాకెట్లు అమ్మడానికి ఏ అనుమతులు కావాలో మీ మండల వ్యవసాయ అధికారిని ముందే అడగండి.

అపోహ: ఎర్ర పాములు అసలు వానపాములే కావు, విషం వదులుతాయి.

ప్రకృతి వ్యవసాయం చేసే మిత్రులు చాలామంది నాతో ఈ మాటన్నారు. బెడ్లలో పెంచే ఐసీనియా ఫెటిడా నిజమైన వానపామే. కాకపోతే పొలంలో లోతుగా బొరియలు చేసే రకం కాదు, చివికే పెంటలో పైపైన బతికే రకం. ఆ మిత్రులు విషమనే సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఏ పామూ పుట్టించలేదు, మనం వేసిన చెత్తలో ఉంటేనే ఎరువులోకి వస్తాయి. అందుకే నేను ఊరి డంపింగ్ చెత్త ముట్టను. 15, 20 రోజులు ఆరబెట్టి చల్లారిన పేడ, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు మాత్రమే. పచ్చిపేడ వేస్తే ఆ వేడికే పాములు పోతాయి. వాళ్ల మాటలో ఒక మంచి ఉంది, మన నేలల్లోని పాములనూ చూడమంటారు. సుల్తాన్ ఇస్మాయిల్ గారు స్థానిక రకాలతోనే వర్మీవాష్ చేయించారు. పామును రెండుగా కోస్తే రెండు పాములవుతాయన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

అపోహ: పెట్టుబడి పదివేలు, రాబడి నెలకు యాభైవేలు.

నా లెక్క ఇది. ముప్పై ఇళ్లు, ఆదివారానికి పదిహేను. ఇంటికి 2 లీటర్లు, నెలకు రెండుసార్లు. మొత్తం 120 లీటర్లు, లీటరు 40 రూపాయలు, అంటే 4,800. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు, 5 వాట్ల పంపు రోజంతా ఆడినా 0.12 యూనిట్. ఖర్చంతా పెట్రోలు, క్యాన్లు, మన ఒంటి కష్టం. అదే ఇళ్లలో నెలకు పది కిలోల చొప్పున ఎరువు కిలో 20కి అమ్మితే 6,000. మిగిలిన ఎరువు నర్సరీకి వెళ్తుంది. టీ వల్ల ప్రతి పదిహేను రోజులకూ గుమ్మం దాకా వెళ్తాను, అక్కడ ఎరువు అమ్ముడవుతుంది. రైతులకు అమ్మాలని కూడా తిరిగాను. ఇంట్లో ఆవు ఉన్న రైతు 200 లీటర్ల నీళ్లలో పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం చేసుకుంటాడు, 40 రూపాయల టీ ఎందుకు కొంటాడు? నా కస్టమర్ ఆవు లేని పట్నం మనిషి.

"పాములు మా దగ్గర కొనండి, ఎరువంతా మేమే కొంటాం" అనేవాళ్ల మాట నమ్మి నేను మొదట్లో మార్కెట్ రేటుకు మూడింతలు పెట్టి పాములు కొన్నాను. ఎరువు తయారయ్యేసరికి అవతలివాళ్లు ఫోన్ ఎత్తలేదు. మీరు కిలో రెండు కిలోల పాములతో ఒక్క బెడ్డు వేయండి, అవే పెరుగుతాయి.

ఏప్రిల్, మే నెలలు ముందే లెక్కలో పెట్టుకోండి. బెడ్డు 35 డిగ్రీలు దాటితే పాములు పారిపోతాయి లేదా చస్తాయి. తాటాకు నీడ, రెండు పూటలా తడిపిన గోనెపట్టాలు, చీమలు రాకుండా బెడ్డు చుట్టూ నీటి కాలువ ఉండాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా నిలుస్తుంది కాబట్టి ఆ రెండు నెలలు బకెట్‌ను నీడలో, తడి పట్టా చుట్టి పెడతాను, ఎరువు కూడా కిలోకు బదులు అరకిలోనే. నలభై దాటిన రోజుల్లో టీ ఆర్డర్లు తీసుకోను. అప్పుడు ఇళ్లకు ఎరువొక్కటే తీసుకెళ్తాను.